గోడవైపు చూసే చిన్ని

మంగళవారం రాత్రి

మెడకు కుడివైపున్న కండరం బిగుసుకుంటే మొహం ఎడమకు తిరుగుతుందని ఈరోజు ఫిజియోథెరపీ క్లాసులో చెప్పారు. వినగానే అక్క కూతురు చిన్ని గుర్తొచ్చింది. మూడు నెలల పిల్ల, ఎప్పుడూ ఎడమకే, గోడవైపే చూస్తుంది.

సాయంత్రం అక్క కంపెనీ బస్సు దిగి వచ్చి, రోజూలాగే దాని కుడిపక్కన పడుకుంది. "ఇడిసిపెట్టి డ్యూటీకి పోతున్న గదా, అలిగింది. నా దిక్కు సూస్తనే లేదు," అంది.

"అలక కాదక్కా, మెడల కండ పట్టేసినట్టుంది. జెర అటు పండుకో."

అక్క గోడపక్కకు జరిగింది. చిన్ని చూపు ఆమె మొహం మీద ఆగింది. "నన్నే సూస్తుందే," అంటూ అక్క కళ్లు తుడుచుకుంది.

కండరం. ఎంత మెత్తని మాట. అది బిగుసుకుంటే మళ్లీ సడలుతుందో లేదో... రేపు డాక్టరుకు చూపించాలి.

గోడకూ పిల్లకూ మధ్య ఇరుక్కుని అక్క అలాగే నిద్రపోయింది.