బొటనవేలి మచ్చ

నిఖితా,

నీ గిటార్ నెక్‌ని ఇవాళ ముట్టుకోకు. నూనె పట్టించాను, రేపటికి ఆరుతుంది. దానికి వార్నిష్ లేదు, ఉత్త మేపుల్ చెక్క. తడిగుడ్డ పెట్టొద్దు. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఏసీ గాలి తగిలేచోట పెట్టకు.

వెనకాల నల్లగా ఉంటే మురికనుకుని ఉప్పుకాగితంతో రుద్దేశానమ్మా. తెల్లగా వచ్చిందని మురిసిపోయాను కూడా. మీ అమ్మ చూసి, "అయ్యో, మురికి కాదండీ! నాలుగేళ్లుగా దాని బొటనవేలు ఆనిన చోటది" అంది.

రువైస్‌లో డ్యూటీకి తీసుకెళ్లే బస్సొచ్చేసింది. పప్పు ఫ్రిజ్‌లో ఉంది, వేడిచేసుకో.

నాన్న

సెలవుకొచ్చిన ప్రతిసారీ నిద్రపోవాలని, నిన్ను తలుపేసుకుని వాయించుకోమన్నాను. వినుంటే ఆ మచ్చేమిటో నాకే తెలిసేది. శుక్రవారం వస్తాను. ఈసారి తలుపు వేసుకోకు.