సెకనుకు నాలుగు ఫ్రేములు

జూన్ 4
మా గదిదీ కలిపి పన్నెండో డబ్బా కూడా బిగించేశాను. మోకాళ్లు పీకుతున్నాయి. ఈ గుట్ట మీదికి కేబుల్ రాదు, అందుకే ఇంటికో రేడియో డబ్బా పెట్టి ఒకదానికొకటి అందించుకునేలా చేశాను. అక్క కింద మా గదిలో కూర్చుని క్లాసు చెబుతుంది. వీడియో ముక్కలుగా పైకి వెళ్తుంది. ముక్క అందిన ఇల్లు పక్కింటికి అందిస్తుంది. అక్క ఒక్కసారి పంపితే చాలు, పదకొండు ఇళ్లలో పిల్లలు చూస్తారు.

అక్కకు పుట్టుచెవుడు. తనలాంటి పిల్లలకే చేతి భాష నేర్పుతుంది. బడి హెడ్ మేడమ్ రెండు వారాలు గడువిచ్చింది. పిల్లలకు పాఠం ఒంటబడితే అక్కకు ఉద్యోగం. లేదంటే లేదు.

జూన్ 7
ఉదయం పదకొండు గంటలకు అందరూ క్లాసులోకి రాగానే వీడియో ఆగిపోతోంది. ఎందుకా అని డబ్బాలు రాసిపెట్టుకునే లాగ్స్ చూస్తే నవ్వొచ్చింది. దగ్గర కదా అని అన్ని డబ్బాలూ గుట్ట మొదట్లో ఉన్న టైలర్ గారింటి డబ్బానే ముక్కలు అడుగుతున్నాయి. ఒక్క కుళాయి దగ్గర అందరూ బిందెలు పెట్టినట్టు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లనే అడగాలని రూల్ మార్చాను. ఈమాత్రానికే ఇంత ఆనందమేమిటో, వరసగా రెండు టీలు తాగేశాను.

జూన్ 8
ఒక్కసారి కూడా ఆగలేదు!

జూన్ 10
వాన. సిగ్నల్ సగానికి పడిపోయింది. సెకనుకు ముప్ఫై ఫ్రేములు, అంటే ముప్ఫై బొమ్మలు, దండగనిపించి నాలుగుకు కోసేశాను. కదలిక కాస్త కుదుపుగా ఉంటుంది, ఏం కొంప మునిగింది? మిగిలిన డేటా అంతా క్లారిటీకి. స్క్రీన్‌షాట్ తీసి చూస్తే అక్క అరచేతి గీతలు లెక్కపెట్టొచ్చు. టైలర్ గారు అద్దంలా ఉందన్నారు. నా కాళ్లు నేల మీద లేవు.

జూన్ 14
హెడ్ మేడమ్ ఫోన్. పదకొండు మందిలో ఏడుగురు చేతులతో ఒక్క మాటా సరిగ్గా చెయ్యడం లేదట. శనివారం తనే వచ్చి చూసి తేల్చేస్తుందట. అక్క మొహం చూడలేకపోయాను. అద్దం ముందు నిలబడి ప్రతి మాటా మళ్లీ మళ్లీ చేసుకుంటోంది. పిల్లలకు విసుగొస్తోందేమో, కాస్త చకచకా చెప్పమని నేనూ ఓ సలహా పడేశాను.

జూన్ 15, ఉదయం 11.20
టైలర్ గారింట్లో వైరు మార్చడానికి వెళ్లాను. వాళ్ల పాప స్క్రీన్ చూస్తూ మాట చేస్తోంది. నుదుటి దగ్గర చెయ్యి. టక్కున ఆపింది. తర్వాత గుండె మీద చెయ్యి. మధ్యలో ఏమీ లేదు.

చెయ్యి సుడి తిరుగుతూ నుదుటి నుంచి గుండె దాకా దిగితేనే అది మాట. ఆ దారే మాట. చిన్నప్పటి నుంచీ అక్కతో మాట్లాడుతున్నదాన్ని, నాకు తెలియదా? పాప తప్పు చెయ్యలేదు. నేను పంపింది పంపినట్టు చేసింది. సిగ్గుతో తలెత్తుకోలేక వైరు కూడా సగంలో వదిలేసి వచ్చాను.

సాయంత్రం 5
అక్కకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. పైన ఎలా కనిపిస్తోందో ముందు చూపించమంది. ఇన్నాళ్లూ ఒక్కసారైనా చూపించలేదు. టైలర్ గారిని అడిగాను, అక్కను అడగలేదు. మొత్తం చూసి చేతులతో అంది: "మొహం అలికేసినట్టున్నా పర్లేదే. చెయ్యి ఆగకూడదు."

మేడమ్‌కి ఫోన్ చేసి తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని అంది. శనివారమైతే శనివారమేనట.

జూన్ 16
ముప్ఫై ఫ్రేములు, మసక బొమ్మ. వీడియో పాడైందని టైలర్ గారి ఫోన్. పాపను అడగండి అన్నాను.

జూన్ 17, శనివారం
మేడమ్ టైలర్ గారింట్లోనే కూర్చుని చూసిందట. ఏమీ కనబడటం లేదని సణిగిందట. క్లాసయ్యాక పాప ఆవిడ వైపు తిరిగి, ఇవాళ్టి మాటలు ఆరూ తప్పు లేకుండా చేసిందట. ఆవిడ ఉద్యోగం సంగతి తేల్చకుండానే గుట్ట దిగి వెళ్లిపోయింది. అక్క అన్నం ముట్టలేదు. నాకు భయంగా ఉంది.

జూన్ 19
అక్క ఫోన్‌లో ఏదో చదువుకుని నా వైపు తిరిగింది. చెయ్యి లేపి ఆపింది. ఇంకోచోట పెట్టి ఆపింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ అలాగే చేసింది, నవ్వు ఆపుకుంటూ. మూడోసారి ఆపకుండా చెప్పింది.

ఉద్యోగం వచ్చిందట.