సగం ప్లేటు

మార్చి 3, ఆదివారం

ప్రమోషన్ వచ్చిందని బావ ట్రీట్ ఇచ్చాడు. సినిమా హాలు పక్కన కొత్తగా తెరిచిన థాయ్ రెస్టారెంట్. లోపలంతా నిమ్మగడ్డి వాసన. మెనూలో ఒక్క ముక్క అర్థం కాలేదు, బావ వేలు పడ్డ చోటల్లా ఆర్డర్ చేశాడు. రొయ్యల నూడుల్స్ బ్రహ్మాండం. కొబ్బరిపాల కూరకి మాత్రం నాకు ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి.

అక్కే పరువు తీసింది. పిల్లికి పెట్టినట్టు ఇంతేనా పెట్టేది అని వెయిటర్‌ని నిలదీసింది. ఆ అమ్మాయి పాపం ప్లేటుకేసే చూస్తోంది. కుడివైపు నున్నగా ఊడ్చేసి ఉంది. ఎడమవైపు నూడుల్స్ కదపలేదు. నేను ప్లేటు తిప్పి పెట్టాను. ఇవెక్కడివి అని అక్క తినేసింది.

జోకు అదిరిందని బావ ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు. జోకే అయ్యుంటుంది.

మార్చి 5, మంగళవారం

అక్క గుమ్మానికి భుజం కొట్టుకుంది. ఎడమ భుజం. గుమ్మం ఇరుకైందట.

మార్చి 8, శుక్రవారం. సాయంత్రం 6

అక్కది డ్రైవింగ్ నేర్పే ఉద్యోగం. పెళ్లికి ముందునుంచీ అదే పని, కారు మీద గీత పడనివ్వదు. ఈరోజు ఎడమవైపు అద్దం ఊడిపోయింది. నేర్చుకునేవాళ్ల తప్పంది.

కూడా వచ్చిన స్టూడెంట్, ఒక రిటైర్డ్ టీచరమ్మ, నన్ను పక్కకి పిలిచింది. అప్పుడు స్టీరింగ్ అక్క చేతిలోనే ఉందట. ఆగి ఉన్న వ్యాన్‌ని రాసుకుంటూ పోయిందట. అంత చప్పుడైనా తల తిప్పలేదట, చెబుతున్న కబురు ఆపలేదట.

బావకి చెప్పాను. అలసట, గోరంతని కొండంత చెయ్యకు అన్నాడు.

మార్చి 9, శనివారం

కారు తాళాలు నా బ్యాగులో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాను. ఫోన్లో అక్క తిట్టిన తిట్లు నా జన్మలో వినలేదు.

మార్చి 11, సోమవారం

కొత్త ఫ్రేమ్ ఇప్పిస్తానని అక్కని నేను పనిచేసే కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లాను. కళ్ల డాక్టరు బోర్డు చదవమన్నారు. ప్రతి వరసా మధ్యలోంచి మొదలుపెట్టింది. అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా టకటకా చదివి, నా కళ్లకేం అన్నట్టు నావైపు చూసింది. డాక్టరు నవ్వలేదు. కళ్లు బాగానే ఉన్నాయి, తల స్కాన్ చేయించండి అన్నారు. రేపు కుదరదా అని బావ ఫోన్లో అడిగాడు. ఈరోజే అన్నారు.

మెదడులో కుడివైపు గడ్డ. నిమ్మకాయంత. ఎడమవైపు సంగతులు చూసుకునేది మెదడులో ఆ వైపేనట. బావ కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. అక్క మాత్రం రేపు క్లాసులున్నాయి, తాళాలివ్వు అంది.

మార్చి 14, గురువారం

రేపు ఆపరేషన్. అక్కకి భయం లేదు. నా భయమల్లా అదే.

మార్చి 17, ఆదివారం

గడ్డ తీసేశారు. అక్క నన్ను గుర్తుపట్టింది. పక్క మీద ఎవరో చెయ్యి మర్చిపోయి వెళ్లారట, నర్సుకి ఇచ్చెయ్యమంది.

అక్క ఎడమ చెయ్యి వెచ్చగా ఉంది. పట్టుకునే కూర్చున్నాను.