సత్రం యజమాని ముఖం

అన్నా,

నువ్వు పోయాక ఇది మొదటి క్రిస్మస్. చర్చిలో పశువుల పాకకు బొమ్మలన్నీ ఈసారీ నేనే పాలిమర్ క్లేతో చేశాను. నిండు చూలాలైన మరియకు చోటు లేదన్న సత్రం యజమానికి నీ ముఖం పెట్టాను. కాల్చేటప్పుడు ఓవెన్‌లో వేడి ఎక్కువై బుగ్గలు కాస్త మాడాయి. అలాగే ఉంచాను.

మేముంటున్న లాలాగూడ రైల్వే క్వార్టర్ ఖాళీ చేసిన రోజు, నెలలు నిండిన నా భార్యతో బోయిగూడలో నీ గుమ్మం ముందు నిలబడితే నువ్వన్నదీ ఆ మాటే.

ఆదివారం వదిన ఆ బొమ్మను చూసి నవ్వింది. "ముక్కు మంచిగ కుదిరింది తమ్మీ. గని ఆ దినం చోటు లేదనుమని లోపట్నుంచి చెప్పింది నేనే. నన్ను సుత చెయ్యి."

ఇవాళ ఆమెనూ చేసి, కాల్చి, నీ వెనక నిలబెట్టాను. నిన్ను మాత్రం తీయను. మాట ఆమెదైనా నోరు నీదే.