తూటా తగిలిందన్న అత్తమ్మ

ఆగస్టు 15, ధారూర్

సైనికుల కుటుంబాలకు సన్మానమని పిలిస్తే అత్తమ్మా నేనూ తాండూరు వెళ్ళాం. ముందు వరుసలో కూర్చోబెట్టారు. కాసేపటికి నిర్వాహకుడు వచ్చి, "మీ ఆయన బార్డర్ల కాల్పులల్లనే పోయిండు కదమ్మా?" అన్నాడు.

"కాదన్నా. మంచుకొండ మీద డ్యూటీల ఉండంగ గుండె ఆగింది."

అతని ముఖం మారింది. "గట్లనా... అయితే జర ఎనక్కి కూసోండ్రి. ఈ కుర్చీలు వీరమరణం పొందినోళ్ల ఇంటోళ్లకు."

చలికి ఆగిన గుండెకు వెనక వరుస! నేను లేచాను. అత్తమ్మ లేవలేదు.

"నా కొడుక్కు తూటా తగిలింది. కోడలికి పూరా ఎరుక లేదు," అంది గట్టిగా.

అతను చేతులు జోడించి పక్కకు తప్పుకున్నాడు. అత్తమ్మకు శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి.

తిరుగు రైల్లో, "గట్లెందుకన్నవ్ అత్తమ్మా?" అని అడిగాను.

"మంచుల నిలవడి సచ్చిన కొడుకు వాళ్లకు సాలలే బిడ్డా."

ఆమెను తప్పుపట్టలేకపోయాను. కానీ ఆ చప్పట్లలో ఆయన పడ్డ చలి ఎక్కడుంది?

ఇల్లు చేరేసరికి మాకంటే ముందే ఆ మాట చేరింది. నా బిడ్డ ఎదురొచ్చి, "అమ్మా, నాయినను కాల్చింది ఎవలు?" అంది.

అత్తమ్మ తల దించుకుంది.