ఎడంచేతి పచ్చజెండా

నవంబరు 22

రిటైరై ఎనిమిది నెలలైనా ఈయన ఇంకా తెల్లవారుజామున మూడున్నరకే లేస్తున్నారు. లేచి ఏం చెయ్యాలో తోచక వంటింట్లో గిన్నెలు సర్దుతారు. ఆ చప్పుడుకి నేను లేస్తాను. ముప్పై మూడేళ్లు ఎక్స్‌ప్రెస్ రైలు నడిపిన మనిషిని ఇంట్లో ఎలా కూర్చోబెట్టాలో నాకెవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

ఈరోజు పాత కొలీగ్ ఒకాయన ఫోన్ చేశాడు. అది పెట్టేసినప్పటి నుంచి కాలు కాలిన పిల్లిలా హాలంతా తిరిగారు. నాలుగోసారి అడిగితే చెప్పారు. వాళ్ల లైన్లో రెండు వందల పన్నెండో కిలోమీటరు దగ్గర ఒక లెవెల్ క్రాసింగ్ గేటు ఉందట. పట్టాల కింద నుంచి రోడ్డు వేశారు కాబట్టి ముప్పయ్యో తేదీ సాయంత్రంతో ఆ గేటు ఎత్తేస్తున్నారట. ఎత్తేస్తే మనకేంటి అన్నాను. అక్కడ ఎడంచెయ్యి ఉన్నాడు, పోయేలోపు ఒకసారి చూడాలి అన్నారు.

ఎడంచెయ్యి అంటే ఆ గేటు దగ్గరుండే గేట్‌మనట. పేరు తెలీదు. రైలు వెళ్తున్నప్పుడు గేట్‌మన్ నిలబడి పచ్చజెండా చూపించాలి, ఇంజన్లోంచి డ్రైవరు చెయ్యి చాపి జవాబివ్వాలి. దాన్ని ఆల్‌రైట్ ఇచ్చుకోవడం అంటారు. అందరూ కుడిచేత్తో చూపిస్తే ఆ మనిషి ఎడంచేత్తో చూపించేవాడట. పదేళ్లు. నారింజరంగు కోటు, టోపీ, ఎడంచెయ్యి, అంతే తెలుసు. గంటకి వంద స్పీడులో మొహాలు కనపడవు టీచరమ్మా, చేతులే కనపడతాయి అన్నారు.

దారిన పోయే ప్రతి గేటుకీ చెయ్యి ఊపిన మనిషి, డ్యూటీకి వెళ్తూ మన గుమ్మం వైపు ఒక్కసారైనా తిరిగి చూశారా అని అడిగాను. టైమైపోయేది అన్నారు.

నవంబరు 23

కారులో తీసుకెళ్తాను, మూడున్నర గంటలు అంది మా అమ్మాయి. వద్దన్నారు. ఆ గేటు ఈయనకి పట్టాల మీదే తెలుసట, రోడ్డు మీద తెలీదట. ప్యాసింజర్ రైల్లోనే వెళ్తారట, దారిలో దిగుతూ, ఎక్కుతూ. అన్నేళ్లు తిరిగినా ఆ దారిలో ఎక్కడా ఆగలేదు, ఇప్పుడు ఆగుతాను అన్నారు.

అమ్మాయి నాకు విడిగా ఫోన్ చేసి నాన్న బాగానే ఉన్నారా అని అడిగింది. ఎప్పుడూ ఎంత బాగున్నారో అంతే బాగున్నారు అన్నాను.

నేనూ వెళ్తున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు స్కూల్లో లెక్కలు చెప్పాను. రైళ్ల లెక్కలు కొన్ని వేలు చేయించి ఉంటాను. ఆ లెక్కల్లో రైళ్లు ఎక్కడా ఆగవు. ఆగితే లెక్క కుదరదు.

నవంబరు 25, ఉదయం 11.40

ఆగాం. యాభై నిమిషాలుగా ఆగే ఉన్నాం. బయట జొన్నచేను, ఒక మేక. ఆ మేక ఇప్పటికి నన్ను గుర్తుపట్టి ఉంటుంది.

మమ్మల్ని పక్క లైన్లోకి తోసి, లేటుగా ఎదురొస్తున్న ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇస్తున్నారు. అది ఈయన నడిపిన బండే. ఇన్నేళ్లూ ఇలా పక్కకి జరిగింది మిగతా వాళ్లు. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అవుతాయంటే ఏమో అనుకున్నాను. ఇప్పుడు ఆ ఓడ నా ఎదురుగా కూర్చుని వాచీ చూసుకుంటోంది.

ఎదురు సీట్లో ఉల్లిపాయల మూటతో ఒక పెద్దాయన ఉన్నాడు. ఈ దరిద్రపు ఎక్స్‌ప్రెస్ వల్ల జీవితంలో సగం ఇక్కడే గడిచిందని, దాన్ని నడిపేవాడికి పెళ్లాం పిల్లలు లేరేమోనని అన్నాడు. ఉన్నారండీ, వాళ్లకీ అదే డౌటు అన్నాను. ఈయన కిటికీ వైపు తిరిగిపోయారు.

ఎక్స్‌ప్రెస్ వచ్చింది. పెట్టె మొత్తం ఊగింది. ఈయన చెయ్యి బయటికి చాపారు. అవతలి డ్రైవరు చూడలేదు. ఎలా చూస్తాడు, ప్యాసింజర్ కిటికీలో ఎవరు చెయ్యి చాపారో ఈయన మాత్రం ఎప్పుడు చూశారు. అయినా నాకు జాలేసింది.

నవంబరు 26

ఏడు గంటల్లో అరవై కిలోమీటర్లు వచ్చాం. మమ్మల్ని దాటిపోయిన వాటిలో ఒక సైకిలు కూడా ఉంది.

నవంబరు 27

ఈరోజు రైలెక్కలేదు. నిన్న రాత్రి దిగిన చిన్న ఊళ్లో టైలర్ షాపు మీద గది తీసుకున్నాం. కింద కుట్టు మిషను మోగుతుంటే హాయిగా నిద్రపట్టింది. ఈయనైతే ఆరున్నర దాకా లేవలేదు. పెళ్లయ్యాక ఇది మొదటిసారి.

పొద్దున్న స్టేషన్‌కి నడిచి వెళ్లాం. రెండు బెంచీలు, ఒక కుళాయి, ఒక టీ బండి. ఈయన ప్లాట్‌ఫామ్ మీద కొత్త పెళ్లికొడుకులా మెల్లగా అడుగులేశారు. ఇన్నేళ్లూ ఈ స్టేషను తనకి పదకొండు సెకన్లట. కుళాయి ఉందని తెలీదట.

టీ బండామె నోరు పెద్దది. పొద్దున్న తొమ్మిదీ పదికి ఎక్స్‌ప్రెస్ పోతుంది, దాని దుమ్మంతా నా టీ గిన్నెలోనే అంది. ఇరవై ఏళ్లుగా తొమ్మిదీ తొమ్మిదికి మూత పెట్టి, తొమ్మిదీ పదకొండుకి తీస్తుందట. ఒక్కోరోజు బండి లేటైతే మూతపెట్టిన టీ మరిగి మరిగి కషాయమయ్యేదట, ఆ డ్రైవర్ని తిట్టని తిట్టు లేదట. ఈయన కిక్కురుమనకుండా మూడు టీలు తాగారు. తర్వాత ఉండబట్టలేక, ఆ డ్రైవర్ని నేనేనమ్మా అని చెప్పేశారు.

ఆమె ఈయన్ని కింద నుంచి పై దాకా చూసింది. ఇంత సన్నగా ఉన్నారు, ఆ దుమ్మంతా మీరే లేపారా అంది. నాలుగో టీ ఊరికే ఇచ్చింది.

తిరిగొస్తూ ఈయన నా చెయ్యి పట్టుకుని నడిచారు. పట్టాలు దాటేటప్పుడు పట్టుకున్నారు, దాటాక వదలడం మర్చిపోయారు. నేనూ గుర్తు చెయ్యలేదు.

నవంబరు 28, మధ్యాహ్నం 2.15

రైల్లో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే అది పట్టాల తప్పు కాదు.

గంట క్రితం తోచక అడిగాను. చెయ్యి ఊపిన వాళ్లు లైన్లో వంద మంది ఉంటారు కదా, ఈ ఎడంచెయ్యి ఏం ప్రత్యేకం అని. వేరుశెనక్కాయలు ఒలుస్తూ చెప్పారు. ఎనిమిదేళ్ల కిందట, జనవరి పదిహేడు. పొద్దున్న పూట దట్టమైన మంచు. గేటుకి చాలా ముందే పట్టాల పక్కన ఎర్రజెండా ఊపుతూ ఎవరో పరిగెత్తుకొస్తున్నారట. అది ఎడంచెయ్యి. బ్రేకులు వేస్తే బండి ఆగేసరికి గేటు ఇంకా నలభై మీటర్ల దూరంలో ఉందట. గేటులో రాళ్ల లోడుతో ట్రాక్టరు తిరగబడి ఉందట. ఆ జెండా చూడకపోయి ఉంటే నేనూ లేను, వెనక పెట్టెల్లో ఎంతమంది పోయేవారో అన్నారు.

రాళ్లు తీసేసరికి చాలా లేటైందట. ఇంజన్ దిగి, మంచులో మొహం కూడా కనపడని ఆ మనిషితో ఒక్క మాట కూడా మాట్లాడలేదట. హారన్ కొట్టి వచ్చేశారట. రిపోర్టులో మాత్రం మెచ్చుకుని రాశారట. అది ఎనిమిదేళ్లుగా గొంతులో ముల్లులా ఉందట.

మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను. నీకు చెప్తే ప్రతిరోజూ భయపడేదానివి అన్నారు.

ఈయన నాకోసం భయపడ్డారని సంతోషించాలా? నా మొగుడు చావు దగ్గరికి వెళ్లొచ్చి నా వంటింట్లో కూర్చున్న రోజు ఉంది, ఆ రోజు నాకు తెలీదు. వేరుశెనక్కాయలు ఇస్తే తీసుకోలేదు.

నవంబరు 29, సాయంత్రం 4

దిగాల్సిన చోట దిగలేదు.

గేటుకి ముందు స్టేషన్లో దిగి నాలుగు కిలోమీటర్లు నడవాలని ప్లాను. దానికి ఈయన గుర్తు ఇటుకబట్టీ పొగగొట్టం. మా పెట్టె చివరిది, ఒకచోట ప్లాట్‌ఫామ్ దాకా రాకుండానే ఆగింది. బోర్డు కనపడలేదు. ఇదేనేమో అన్నాను. పొగగొట్టం రాందే దిగొద్దు, ఈ లైను నాకా చెప్తావు అన్నారు. బండి కదిలింది. ఈయన కుడివైపు కిటికీలో పొగగొట్టం కోసం వెతుకుతూనే ఉన్నారు. తర్వాత స్టేషన్లో బోర్డు చూసి మొహం పాలిపోయింది. ఎనిమిది కిలోమీటర్లు ముందుకొచ్చేశాం. మధ్యలో గేటు కూడా దాటేశాం, గేట్‌మన్ గది మేం చూడని ఎడమవైపు ఉంది.

విషయమేమిటంటే ఇటు వెళ్లేటప్పుడు ఈయన డ్యూటీ ఎప్పుడూ రాత్రే. పగలు చూసిందంతా ఇంటికి తిరిగొచ్చే దారిలోనే. ఇటునుంచి వస్తే పొగగొట్టం గోడౌన్ వెనక దాక్కుంటుందని ముప్పై మూడేళ్లలో తెలియలేదు.

వెనక్కి రైలు రేపు సాయంత్రం నాలుగు దాకా లేదు. స్టేషన్ మాస్టరు మంచివాడు, వెయిటింగ్ రూము తాళం తీయించాడు. రైళ్లు ఎక్కీ దిగీ నా మోకాలు బూరెలా వాచింది. ఈయన బెంచీ చివర తల వంచుకుని కూర్చున్నారు. వదిలేద్దాంలే, నీ కాలు చూడు, ఇంటికెళ్దాం అన్నారు. నాకు ఈయన మీద పీకలదాకా కోపం ఉంది. కానీ ఆ గేటు మీద లేదు. పొద్దున్నే ఏదో ఒక బండి చూడమని స్టేషన్ మాస్టర్ని నేనే అడిగి వచ్చాను.

నవంబరు 30, సాయంత్రం 5.30, రైల్లో

పొద్దున్న పాలవ్యాను దొరికింది. ముందు సీట్లో నేను, వెనక క్యాన్ల మధ్య ఎక్స్‌ప్రెస్ డ్రైవరు. పది దాటాక గేటు దగ్గర దించి, తిరుగు ట్రిప్పులో మూడింటికి ఎక్కించుకుంటానన్నాడు.

చిన్న గది. గోడ మీదికి పాకిన చిక్కుడు తీగ. బయట మూటలు, అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. కుర్చీలో ఉన్న గేట్‌మన్ మా సంచీ చూసి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చామనుకుని గబగబా లేచి కోటు తొడుక్కున్నాడు. ఇంతలో ఒక రైలొచ్చింది. అతను నిలబడి జెండా చూపించాడు. మోకాళ్లు వణుకుతున్నాయి. జెండా కుడిచేతిలో ఉంది.

ఈయన నా చెవిలో, ఇతను కాదు అన్నారు. బదిలీ అయిపోయి ఉంటాడు, ఆలస్యం చేశాను అన్నారు. ఆ గొంతు విని నా కోపమంతా ఎటు పోయిందో తెలీదు.

రైలు వెళ్లాక గది వెనక నుంచి ఒకావిడ వచ్చింది. మమ్మల్ని చూడకుండానే గేటు ఎత్తే చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. ఎడంచేత్తో.

ఈయన ఆవిడ దగ్గరికి వెళ్లి, ఎడంచేత్తో జెండా చూపించేది నువ్వేనామ్మా అని అడిగారు. ఆవిడ చక్రం వదిలేసి మొగుడి వైపు చూసింది. అతను కుర్చీలో కూలబడి, పదేళ్లుగా నా మోకాళ్లు పనిచెయ్యట్లేదు సార్, చెప్తే ఉద్యోగం, ఈ గదీ రెండూ పోతాయి, అందుకని కోటూ టోపీ మా ఇంటిదే వేసుకునేది అన్నాడు. ఆ జనవరి పరుగు కూడా ఆవిడదే. సర్టిఫికెట్ అతని పేరు మీద వచ్చిందట. ఒక్కరోజు కూడా గోడకి తగిలించలేదట.

నేను ఎక్స్‌ప్రెస్ డ్రైవర్ని, రిటైరయ్యాను, రిపోర్టు ఇవ్వాలంటే ఇక మా ఆవిడకే ఇవ్వాలి అన్నారు ఈయన. అప్పుడు ఆవిడకి ఊపిరొచ్చింది. ఒకసారి చెయ్యి చాపండి అంది. చాపారు. మీరేనన్నయ్యా అంది. మిగతా డ్రైవర్లు రెండు వేళ్లు ఆడిస్తారట, ఈయన మాత్రం చెయ్యంతా చాపి అరచెయ్యి తిప్పుతారట. ముప్పై నాలుగేళ్లు కాపురం చేశాను, ఆ సంగతి నాకు తెలీదు. ఆ చెయ్యి చూసి మనిషి ఇంకా పొడుగనుకున్నాను వదినా అని నాతో అంది. నేనూ పెళ్లిచూపుల్లో అలాగే అనుకున్నాను అన్నాను.

తర్వాత ఈయన ఆ మాట చెప్పారు. ఆ రోజు దిగి నీకు దండం పెట్టాల్సిందమ్మా, లేటైందని దిగలేదు, తప్పు చేశాను అన్నారు. ఆవిడ చిక్కుడు తీగ వైపు చూసింది. ఒక చెప్పు ఎక్కడో పడిపోయింది, ఎవరైనా ఒక్క మాట అంటే బాగుండుననుకున్నాను, తర్వాత మర్చిపోయాన్లే అన్నయ్యా అంది. మర్చిపోలేదని అక్కడున్న నలుగురికీ తెలుసు. ఈయన చేతులెత్తి దండం పెట్టారు. ఆవిడ వద్దు వద్దంటూనే ఏడ్చింది. నేను ఆవిడ ఎడంచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అరచెయ్యి గరుకుగా ఉంది. వదలబుద్ధి కాలేదు.

నాలుగింటి రైలెక్కాం. నాలుగుంబావుకి గేటు వచ్చింది. ఆవిడ కోటు వేసుకుని నిలబడింది, టోపీ లేకుండా. వందలో కనపడని మొహం ఇరవై స్పీడులో బొట్టుతో సహా కనపడింది. ఎడంచేతిలో పచ్చజెండా. ఈయన చెయ్యంతా చాపి అరచెయ్యి తిప్పారు. ఈయన భుజం మీదుగా నేనూ చాపాను. గేటు కనుమరుగయ్యేదాకా జెండా దించలేదు ఆవిడ. ఈ రైలు ఇంత నెమ్మదిగా పోతున్నందుకు మొదటిసారి సంతోషించాను.

డిసెంబరు 2

ఇల్లు. ఈయన నిద్రపోతున్నారు. ట్రంకు పెట్టెలోంచి ఎనిమిదేళ్ల కిందటి డైరీ తీశాను. జనవరి 17 ఇలా ఉంది:

ఆయన పన్నెండున్నరకి వచ్చారు. కూర వేడి చెయ్యమని, తినకుండానే పడుకున్నారు. విసుక్కున్నాను. మిక్సీ రిపేరుకి ఇచ్చాను.

డిసెంబరు 3

పాత డైరీలో ఒక మాట ఇరికించాను. ఇప్పుడు ఇలా ఉంది: ఆయన పన్నెండున్నరకి బతికి వచ్చారు.