వెనక అర్రకు ఒక కిరాయిదారు

తాండూరు,
మిరుగు కార్తె దాటిన వారం, 1979.

చెల్లె బుగ్గమ్మకు అన్న భీమప్ప దీవించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. కుడి మోకాలు కొంచెం తక్కువ క్షేమం, అయినా ఉత్తరం రాసేది చేతితో కనుక దానికి అడ్డులేదు. వికారాబాదులో నువ్వూ, నీ మేకలూ, ముందు పోర్షన్‌లో ఉండే సైరా పంతులమ్మా బాగున్నారని తలుస్తాను.

సైరమ్మా, ఇది మా చెల్లెకు చదివి వినిపించేది నువ్వే కదా. పోయిన ఉత్తరం ఆమె చెబుతుంటే రాసిందీ నువ్వే. "మంచి కిరాయిదారును ఎట్ల గుర్తువట్టాలె అన్నా?" అని ఆమె అడిగితే, ఆ ఇంట్లో కిరాయికున్న నువ్వే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపావు. మారు మాట్లాడకుండా రాశావు చూడు, మా చెల్లె ప్రశ్నకు అదే జవాబు. నీ ప్రస్తావన వచ్చినచోట గొంతు తగ్గించకుండా చదువు.

బుగ్గీ, బావ ఇల్లు కట్టి నీ చేతిలో పెట్టి పోయాడు, దాన్ని ఎట్లా నడపాలని నన్నడిగావు. నాకేమో సొంతిల్లు లేదు. నాపరాళ్ల గనిలో మున్షీగా ఉన్నన్నాళ్లూ ఎవరెవరి ఇళ్లకో బండలు లెక్కపెట్టి పంపాను, ఒక్క బండ నా కాళ్ల కిందికి రాలేదు. అయితే ఇల్లు కట్టినవాడికి ఖర్చు తెలుస్తుంది, కిరాయికున్నవాడికి ఇల్లు తెలుస్తుంది. ఏ మూల కురుస్తుందో, ఏ గొళ్లెం పడదో నావంటివాణ్ణే అడగాలి.

ముందుగా వాన సంగతి. సైరమ్మ పోర్షన్ కురుస్తున్నది, బాగుచేయించే ఖర్చు ఎవరిదని అడిగావు. ఖర్చు నీదే. అదొక్కటే కాదు, వాన పడుతుండగానే నువ్వు ఆ ఇంట్లోకి పోయి చూడాలి. మా ఇంటి యజమాని జహూర్ సాబ్ నీకు గుర్తుండే ఉంటాడు. నేనూ మీ వదినా ఈ ఇంట్లో దిగిన మొదటి వానకే కప్పు కారింది. చెప్పి పంపితే గొడుగు వేసుకుని వచ్చాడు. లోపలికి వచ్చాక కూడా గొడుగు ముడవలేదు. సరిగ్గా ధార పడుతున్న చోట పీట వేసుకుని కూర్చున్నాడు.

"జర చాయ్ పెట్టుమను భీమప్పా. ఇల్లు నాది, వాన అల్లాది, నడుమ తడిసేది నువ్వు. గిట్ల కూసుంటెనే నాకు సమజైతది" అన్నాడు.

మీ వదిన నవ్వు ఆపుకోలేక పొయ్యి దగ్గరికి పారిపోయింది. మర్నాడే మేస్త్రీ వచ్చాడు. ఎండ కాశాక పోతే మరక కనిపిస్తుంది గాని చిల్లు కనిపించదు. ఆనాటి నుంచి సాబ్ రోజూ సాయంత్రం గోడ అవతలి నుంచి "చాయ్ అయ్యిందా?" అని కేక వేసేవాడు. ఆ చాయ్‌లో ఎవరి పాలు, ఎవరి చక్కెర అని మా మధ్య నడిచిన తగాదాలు వేరే పురాణం, ఇప్పుడొద్దు.

గోడకు మేకులు కొట్టనివ్వాలా అంటే కొట్టనియ్యి. దేవుడి పటానికో దండేనికో మేకు కొట్టుకున్నవాడే ఆ ఇంట్లో నిలుస్తాడు. మేకు కొట్టనివాడు ఇంకో ఇల్లు వెతుకుతున్నాడని తెలుసుకో. ఇల్లు నీదే అయినా వాళ్ల గడప ముందు దగ్గి, పిలిచి, రమ్మంటేనే లోపలికి పో. వచ్చిన చుట్టాలను లెక్కపెట్టకు. అడ్వాన్స్ ముట్టుకోకు, అది వాళ్ల సొమ్మే, నీ దగ్గర నిద్రపోతున్నది అంతే. కిరాయి పెంచాలంటే నెల ముందు చెప్పు, వాళ్లింట్లో జబ్బు పడ్డప్పుడు మాత్రం నోరెత్తకు.

ఇక వెనక అర్ర, ఆ ఖాళీ గది సంగతి. బావ అక్క కొడుకు బాల్‌రాజ్ అడుగుతున్నాడన్నావు. ఇవ్వొద్దు. చుట్టానికి ఇచ్చిన ఇంట్లో ముందు కిరాయి పోతుంది, వెనకనే చుట్టరికం పోతుంది. అడిగితే తప్పు, అడగకపోతే కడుపుమంట. పూడూరులో మా గని సేటు బామ్మర్దికి ఇల్లిచ్చి, చివరికి తన ఇంట్లోకి తానే దొడ్డిదారిన పోయేవాడు.

ఒంటరిగా ఎట్లున్నావని చివర అడిగావు. మీ వదిన పోయాక కూడా సాయంత్రాలు గడిచాయి, గోడ అవతల కేక ఉంది కనుక. పోయిన చలికాలం జహూర్ సాబ్ కూడా పోయాడు. ఇప్పుడు రేడియోలో వార్తలు చదివే ఆయన నమస్కారం అంటే నేనూ నమస్కారం అంటున్నాను. ఉత్తరం ఇంత పొడుగైందంటే కారణం అదే.

ఇంకొక మాట ఉంది. ముందే రాస్తే పైన రాసిందంతా నా స్వార్థం అనుకుంటావని చివరికి ఉంచాను. సాబ్ పెద్దకొడుకు జమాల్ పోయిన వారం వచ్చాడు. వాణ్ణి నేను భుజాల మీద తిప్పినవాణ్ణి. గడప దాటకుండా నిలబడ్డాడు.

"చాచా, అన్నదమ్ములం పంచుకుంటున్నం. ఇల్లు గూలగొట్టి దుకాండ్లు వేస్తరంట. నా ఒక్కనిదైతే నిన్ను కదిలిస్తనా?"

"ఇల్లు మీది బేటా. ఎప్పటిదాక?"

"దసరా దాక ఉండు. ఫికర్ జెయ్యకు."

ఫికర్ చేయొద్దని చెబుతూ వాడే కళ్లు తుడుచుకున్నాడు. నేనే వాడికి చాయ్ పోసి పంపాను.

కాబట్టి బుగ్గీ, నీ వెనక అర్రకు నేను అర్జీ పెట్టుకుంటున్నాను. చుట్టానికి ఇవ్వొద్దని రాసిన మాట వెనక్కి తీసుకోను. బాల్‌రాజ్ కంటే నాకే అది ఎక్కువ వర్తిస్తుంది. వాడు కోపం వస్తే బయటికి పోతాడు. నేను పడిపోతే లేపవలసింది నువ్వు. పైగా పెళ్లి చేసి పంపిన ఆడబిడ్డ ఇంట్లో రెండు పూటలకు మించి తినని వంశం మనది. నాయన నీ ఇంటికి వస్తే సద్ది మూట కట్టుకుని వచ్చేవాడు కదా. అందుకే అన్నగా రాను, కిరాయిదారుగా అయితే వస్తాను. అందరి దగ్గర తీసుకునేదే నా దగ్గరా తీసుకోవాలి, నా పొయ్యి నాకుండాలి. మీ వదిన ఫొటోకు ఒక్క మేకు కొట్టనివ్వాలి. కాదంటే గని దగ్గర, నాతో పనిచేసిన షబ్బీర్ ఒక రేకుల గది చూపించాడు. ఎండాకాలం అందులో పొయ్యి లేకుండానే రొట్టెలు కాలుతాయట.

సైరమ్మా, ఇది వింటూ మా చెల్లె ఏడుస్తుంది. "కిరాయి లేదు గిరాయి లేదు, ఎంటనే రమ్మని రాయి" అంటుంది. అప్పుడు కలం ముట్టకు. ఏడుస్తూ ఇచ్చిన ఇల్లు తర్వాత బరువవుతుంది. తెల్లారనియ్యి. మేకలను తోలివచ్చి కూర్చున్నాక, ఇంటి యజమానురాలిగా ఆమెను అడుగు. అప్పుడేమంటే అది రాయి. వద్దంటే వద్దనే రాయి తల్లీ, ఆ ముత్యాల అక్షరాల్లోనే.

పోస్టు మనిషి వచ్చే వేళకు నేను అరుగు మీదే ఉంటాను. ఈ మధ్య ఎట్లాగూ అక్కడే ఉంటున్నాను.

ఇట్లు,
నీ గడప ముందు నిలబడి దగ్గుతున్న
నీ అన్న
భీమప్ప